అరవై రెండు గోరువెచ్చనలు

బేసిన్ బాబాయి ఆ నోట్‌బుక్కు మొదలుపెట్టింది లోకాన్ని మోసం చెయ్యడానికి కాదు. ఒక్క భార్యని మోసం చేస్తే చాలనుకున్నాడు. లోకాన్ని మోసం చెయ్యడమే సులువని అప్పటికి ఆయనకి తెలియదు.

ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే ఆ దుకాణం ఆవిడది. వచ్చేవాళ్ళంతా ఆవిణ్ణి కత్తెర పిన్ని అంటారు. పిన్ని మొగుడు కాబట్టి ఆయన బాబాయి. కత్తిరించే ముందు తలలు కడిగే బేసిన్ దగ్గర పొద్దస్తమానం నిలబడతాడు కాబట్టి బేసిన్ బాబాయి. వాళ్ళ అసలు పేర్లు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ అవసరం లేదు.

అంతకు ముందు ఆయన ఒక ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళు పుస్తకాలు కుట్టి బైండు చేశాడు. ప్రెస్సు మూతపడ్డాక రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఆ రెండేళ్ళలో ఆయన ముట్టుకోని వస్తువు లేదు, బాగుపడిన వస్తువూ లేదు. గోడ గడియారాన్ని మూడుసార్లు విప్పి రెండుసార్లే బిగించాడు. మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని, గేటు చప్పుడైతే చాలు, లేచి వెళ్ళి ఎవరూ రాలేదని చూసి వచ్చేవాడు. ఒకరోజు భార్య, "ఇంట్లో కూర్చుని గేటుకి కాపలా కాసే బదులు దుకాణానికొచ్చి తలలు కడగండి" అంది. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా వెళ్ళిపోయాడు.

అది జరిగి నాలుగేళ్ళు. బేసిన్ దగ్గర నిలబడితే ఆరడుగుల దూరంలో భార్య వీపు కనిపిస్తుంది, ఎదుటి అద్దంలో ఆవిడ మొహం కనిపిస్తుంది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో పగటిపూట ఆవిణ్ణి అంతసేపు చూసింది ఈ నాలుగేళ్ళలోనే. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనకపోయినా ఆయన బతుక్కి అదే ముఖ్యమైన సంగతి.

ఇంతలో వేళ్ళు మోసం చేశాయి. షుగరు వచ్చి చాలా కాలమైంది. మందు వేసుకోవడం కన్నా మందు వేసుకున్నానని చెప్పడంలో ఆయనకి ఎక్కువ శ్రద్ధ. మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. తర్వాత సూదులు గుచ్చినట్టుండేది. ఆ తర్వాత సూదులూ పోయాయి, తిమ్మిరీ పోయింది, హమ్మయ్య తగ్గిందనుకున్నాడు. తగ్గింది జబ్బు కాదు, స్పర్శ అని ఒక శుక్రవారం తెలిసింది.

ఆ శుక్రవారం కుర్చీలో వెనక్కి వాలింది స్కూలు హెడ్మిస్ట్రెస్సు. "నులివెచ్చగా ఉండాలి" అని ఆవిడ అలవాటుగా చెప్పింది. ఆయన అలవాటుగా చెయ్యి పెట్టి చూసి, నీళ్ళు వదిలాడు. హెడ్మిస్ట్రెస్సు కుర్చీలోంచి నిటారుగా లేచింది. ఆవిడ లేస్తే ఎవరికైనా నిలబడాలనిపిస్తుంది. అద్దాల ముందు కూర్చున్న ఇద్దరూ తువ్వాళ్ళతో సహా నిలబడ్డారు.

"నెత్తి ఉడికిపోయిందయ్యా."

ఆ నీళ్ళు ఆయన చేతి మీంచే ఆవిడ తల మీదికి పోయాయి. చెయ్యి ఎర్రబడింది. చేతికి మాత్రం ఏమీ తెలియలేదు.

"ఏమైందండీ?" అని భార్య అద్దంలోంచి అడిగింది.

"ఏం లేదు. కుళాయికి కాస్త పిచ్చి పట్టింది."

"కుళాయికేనా?"

"మరింకెవరికి?"

ఆవిడ మళ్ళీ కత్తిరింపులో పడింది. ఆయన మిగతా రోజంతా చన్నీళ్ళతో తలలు కడిగి, ఎండాకాలం ముందే వచ్చేలా ఉందని అందరికీ చెప్పాడు.

చెబితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. భార్య బేసిన్ దగ్గరికి ఇంకెవరినైనా పెట్టుకుంటుంది. తనని ఇంటికి పంపిస్తుంది. మళ్ళీ ఆ మంచం, ఆ మధ్యాహ్నాలు, ఆ గేటు. మొహం కడుక్కుంటూ అది తలుచుకున్నాడు. నీళ్ళు వేడో చల్లనో చేతికి తెలియలేదు, భయం మాత్రం తెలిసింది.

రెండు రోజులకి లీకుల మావయ్య వచ్చాడు. ఆయన ప్లంబరు. ఆయన వచ్చి వెళ్ళాక లీకు మరో చోటికి మారుతుందని ఆ వీధిలో పేరు. బేసిన్ కింద చెక్క అరలో తల దూర్చి గంటన్నర పడుకున్నాడు. బయటికి కనిపించే రెండు కాళ్ళ మీంచి దాటుకుంటూ బాబాయి తలలు కడిగాడు.

"ఏమిటి, లీకా?" అని అడిగాడు భార్యని.

"మరి కుళాయికి పిచ్చి పట్టిందన్నారుగా" అంది ఆవిడ.

అనుమానం కుళాయి మీదికి పోయినందుకు బాబాయి లోపల్లోపల చాలా సంతోషించాడు.

ఆ రాత్రే పథకం తయారైంది. కుళాయికి గుండ్రటి పిడి ఒకటుంది. ఎడమకి తిప్పితే వేడి, కుడికి తిప్పితే చల్లన. పొద్దున భార్యకన్నా ముందు దుకాణానికి వెళ్ళి, ఎర్ర గోళ్ళ రంగు సీసా తీసి, పిడి చుట్టూ ఒకటి నుంచి తొమ్మిది దాకా చుక్కలు పెట్టాడు. ఒకటంటే బావి నీళ్ళు, తొమ్మిదంటే నరకం. ఇక చేతితో పనేముంది? ఎవరికి ఎన్నో చుక్కో తెలిస్తే చాలు. అది రాసుకోవడానికి తనే కాగితాలు మడిచి, తనే కుట్టి, నల్ల అట్ట వేసి బైండు చేసిన నోట్‌బుక్కు ఒకటి మొదలుపెట్టాడు.

అక్కడే అసలు కష్టం ఎదురైంది. మనుషులు చుక్కల్లో మాట్లాడరు, మాటల్లో మాట్లాడతారు.

గోరువెచ్చన అనని మనిషి లేదు. కానీ కోర్టులో టైపు చేసే ఆవిడ గోరువెచ్చన నాలుగో చుక్క, మందుల షాపు ఆవిడ గోరువెచ్చన ఆరు. అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే ఇంట్లోంచి ఒకే ఆటోలో వచ్చి ఇద్దరూ గోరువెచ్చగానే అన్నారు. అక్కకి మూడు, చెల్లికి ఏడు. హెడ్మిస్ట్రెస్సు నులివెచ్చన రెండున్నర. హెడ్ కానిస్టేబులమ్మ "కాస్త వెచ్చగా చాలు బాబాయ్" అంటుంది గానీ ఆ కాస్త దగ్గరికి చేరేసరికి పిడి ఎనిమిది దాకా తిరగాలి. ఒకావిడ "చల్లదనం విరిగితే చాలు" అంటుంది. ఒకావిడ "ఓ మోస్తరు" అంటుంది. ఒక ముసలావిడ ఏమీ అనదు, కళ్ళు మూసుకుని "ఊ... ఊ... ఊహూ... ఆ" అంటుంది. ఆ "ఆ" దగ్గర ఆపాలి. దాన్ని నోట్‌బుక్కులో "ఊ ఊ ఊహూ ఆ, అయిదు" అని రాసుకున్నాడు.

ఖాళీగా ఉన్నప్పుడు ఆయన ఆ మాటల గురించి చాలా తీవ్రంగా ఆలోచించేవాడు. అసలు గోరువెచ్చన ఏమిటి? గోటికేం తెలుస్తుంది? వేడి నీళ్ళలో పెట్టినా చన్నీళ్ళలో పెట్టినా గోరు గోరులాగే ఉంటుంది. ఇంత మెత్తటి మాటకి, శరీరంలో ఏమీ తెలియని ముక్కనే వెతికి ఎందుకు తగిలించారు? తన వేళ్ళని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. గోళ్ళు చివర్నే ఆగకుండా అరచేతి దాకా పాకేశాయనిపించింది. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

పథకం మాత్రం బ్రహ్మాండంగా పారింది. ఎవరు వచ్చినా బాబాయి నోట్‌బుక్కు వైపు ఒక చూపు చూసి, పిడి తిప్పి, డాక్టరులా గంభీరంగా "ఇప్పుడు?" అనేవాడు. "ఇంకొంచెం" అంటే ఇంకో చుక్క. "ఇప్పుడు?" "ఆ, ఇదీ గోరువెచ్చనంటే." మూడు నెలల్లో అరవై రెండు తలలు, అరవై రెండు చుక్కలు. ఒక్క తప్పు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. తల ఎవరిదో, దాని వెచ్చన ఏదో చెప్పకుండానే పట్టేస్తాడని వీధంతా పాకింది. కత్తెర కోసం కాక నీళ్ళ కోసం వచ్చేవాళ్ళు మొదలయ్యారు. బాబాయి నడక మారింది.

"రోజూ ఏమిటండీ ఆ రాత?" అంది భార్య ఒకసారి.

"తలల గురించి."

"తలరాతలు కూడా మొదలుపెట్టారా?"

"నీకు కత్తెర ఎలాగో నాకు వేడి అలాగ. ఇది చేతిలో ఉండాలి. అందరికీ రాదు."

"చేతిలోనే ఉందంటారు."

"ఉండబట్టే కదా వస్తున్నారు."

ఆవిడ దువ్వెన్న నోట్లో పెట్టుకుంది. దువ్వెన్న నోట్లో ఉంటే నవ్వుతోందో లేదో అద్దంలో తెలియదు.

అంతా ఒక శనివారం కూలింది. శనివారం అంటే బెంచీ నిండిపోయి, ఇద్దరు గుమ్మంలో నిలబడే రోజు. బాబాయి బ్యాంకు పనేదో చూసుకుని కాస్త ఆలస్యంగా వచ్చి, చేతులు తుడుచుకుని, పిడి వైపు చూశాడు. పిడి ఆయన నున్నటి గుండులా మెరిసిపోతోంది. ఒక్క చుక్క లేదు.

"దీని మీద... దీనికేమైంది?"

"రంగేదో అంటుకుని అసహ్యంగా ఉంది. పొద్దున ఖాళీ దొరికితే తుడిచేశాను" అంది భార్య.

మొదటి తల హెడ్ కానిస్టేబులమ్మది. ఎనిమిది ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకుని, చెమటలు కక్కుతూ తిప్పాడు. కుర్చీలో వాలిన మనిషికి కింద నుంచి కనిపించేది కడిగేవాడి మొహమే. ఆ మొహం చూసి కానిస్టేబులమ్మ బిగుసుకుపోయింది.

"ఏంటి బాబాయ్, ఇవాళ మరీ కాలుతోంది?"

గభాలున కుడికి తిప్పాడు.

"ఇంకా కాలుతోంది."

రెండో తల హెడ్మిస్ట్రెస్సుది. ఈసారి జాగ్రత్తపడి కుడి పక్కనే ఉంచాడు. "ఐసు నీళ్ళేమిటయ్యా ఇవి?" అందావిడ. ఎడమకి తిప్పాడు. "అయ్యో, కాల్చకు." ఎటూ కాకుండా మధ్యలో పెట్టాడు. "చేస్తున్న పని మీద దృష్టి పెట్టు" అంది. ముసలావిడ మూడోది. "ఊ... ఊహూ... ఊహూ..." అంటూ పోయింది గానీ "ఆ" మాత్రం రాలేదు. చివరికి "బాబూ, నీకు ఒంట్లో బాలేదా?" అని కళ్ళు తెరిచింది. నలుగురూ నాలుగు మాటలు మొదలుపెట్టారు. నోట్‌బుక్కు బేసిన్‌లో పడింది. అక్షరాలు అరవై రెండు రకాలుగా కరిగి సిరా ఏరులా పారింది. కానిస్టేబులమ్మ తడి తలతో లేచి, అలవాటు కొద్దీ అందర్నీ వరుసలో నిలబెట్టింది.

ఆ గోలలో బస్సు కండక్టరమ్మ తన కూతుర్ని తెచ్చి కుర్చీలో పడుకోబెట్టింది. ఆరేళ్ళ పిల్ల. తల బేసిన్ అంచుకి అందక, కింద మూడు తువ్వాళ్ళు మడిచి పెట్టారు.

"గోరువెచ్చగా బాబాయ్. దీని మాడు మరీ లేత."

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ ఒకటి తెరిచి ఆయన్ని చూసి, నమ్మకంగా మూసేసింది. బాబాయి పిడి మీద చెయ్యి వేశాడు. ఎటు తిప్పాలో తెలియలేదు. ఆ శుక్రవారం ఎర్రబడ్డ తన చెయ్యి గుర్తొచ్చింది. పెద్దవాళ్ళయితే లేచి అరుస్తారు. ఈ పిల్ల భయపడి అరవకుండా ఊరుకుంటే?

ఆయన చెయ్యి తీసేశాడు.

"నేను కడగలేను" అన్నాడు. ఎవరికీ వినిపించలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "నేను కడగలేనమ్మా. నా చేతులకి వేడి తెలియడం లేదు. చాలా రోజులైంది. చుక్కలు పెట్టుకుని నెట్టుకొచ్చాను. ఇంతవరకూ మీ అందరినీ... పాపని లేపండి. నా వల్ల కాదు."

ఆయన భార్య వైపు చూడలేదు. తువ్వాలు మడిచి బేసిన్ అంచు మీద పెట్టాడు, ఇక తీసుకోను అన్నట్టు.

భార్య కత్తిరింపు ఆపలేదు. కత్తెర కిచకిచలాడుతూనే ఉంది.

"ఏవండీ, పాప తలకి నీళ్ళు పొయ్యండి."

"నీకు చెబుతుంటే అర్థం కావడం లేదా? కాలుతుంది."

"కాలదు. ఆ పిడి ఎటు తిప్పినా ఒకటే నీళ్ళు. మూడు నెలల కిందటే లీకుల మావయ్య చేత కింద అరలోనే రెండు గొట్టాలూ కలిపించేశాను. గోరువెచ్చన దాటి ఒక్క చుక్క పైకి రాదు. రోజూ పొద్దున మీరొచ్చేలోపు నేను చెయ్యి పెట్టి చూస్తున్నాను."

బాబాయి పిడిని చూశాడు. బేసిన్‌లో తేలుతున్న నోట్‌బుక్కుని చూశాడు.

"మూడు నెలలా? మరి ఇన్ని చుక్కలు... వీళ్ళంతా ఇదే నాది, ఇదే నాది అన్నారే?"

"మీరు అంత గంభీరంగా తిప్పి, ఇప్పుడు ఇప్పుడు అని అడుగుతుంటే ఎన్నిసార్లు కాదంటారు, పాపం."

హెడ్మిస్ట్రెస్సు, కానిస్టేబులమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే నేనూ ఈవిడా ఇన్నాళ్ళూ ఒకే నీళ్ళతోనా?" అంది హెడ్మిస్ట్రెస్సు.

"ఒకే నీళ్ళు" అంది భార్య.

"ఏమో. నావి మాత్రం నులివెచ్చగానే ఉండేవి."

"నావి బాగా వేడిగా ఉండేవి" అంది కానిస్టేబులమ్మ. ఆ విషయంలో ఇద్దరూ ఇప్పటికీ రాజీపడలేదు.

పిల్ల కళ్ళు తెరవకుండానే, "కడుగుతారా, లేవనా?" అంది. బాబాయి కడిగాడు. అంత నెమ్మదిగా ఆయన ఎవరి తలా కడగలేదు. పిడి జోలికి పోలేదు.

దుకాణం ఖాళీ అయ్యాక ఇద్దరూ నేల తుడిచారు. ఆవిడ చీపురు, ఆయన తడిబట్ట.

"నీకెలా తెలిసింది?" అన్నాడు తడిబట్ట పిండుతూ.

"ఆ శుక్రవారం సాయంత్రం టీ ఇచ్చాను. స్టీలు గ్లాసు. పొగలు కక్కుతోంది. అంచు పట్టుకోకుండా దాని నడుం చుట్టూ గుప్పెట బిగించి, కిటికీ దగ్గర నిలబడి పూర్తిగా తాగారు. నేను పైటకొంగుతో పట్టుకున్న గ్లాసు అది."

"అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీరెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంటికి పంపించేస్తావని."

"నేను అడిగితే మీరే వెళ్ళిపోతారని." ఆవిడ జుట్టు కుప్పని మూలకి తోసింది. "ఆ రెండేళ్ళు గేటు దగ్గర మీ మొహం చూశాను. మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు. గొట్టాలు మార్పించడం తేలిక."

ఆయన తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ముప్పై ఏళ్ళుగా ఈ మనిషితో వాదించి ఒక్కసారైనా గెలవలేదని తెలుసు గానీ, వాదనే లేకుండా ఓడిపోవడం ఇదే మొదలు. కళ్ళు తడిశాయి; తల వంచుకుని నేల తుడుస్తుండడం అందుకు పనికొచ్చింది.

"చుక్కలు ఎందుకు తుడిచావు మరి?"

"రంగు మరకలనుకున్నానండీ" అంది. అది నిజమో కాదో ఆయన అడగలేదు. అడిగినా లాభం లేదు. "సోమవారం నాకు డాక్టరు దగ్గర పనుంది. తోడు రండి."

"నీకా? ఏమైంది?"

"వచ్చాక తెలుస్తుంది."

ఆదివారమంతా బాబాయి భయంతో చచ్చాడు. భార్య దగ్గితే నీళ్ళు తెచ్చాడు, దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని అడిగాడు. సోమవారం ఆసుపత్రి వరండాలో ఆవిడ చెయ్యి పట్టుకుని, ఏమొచ్చినా తను ఉన్నానని ధైర్యం చెప్పాడు. నర్సు చీటీ చూసి పిలిచింది. పిలిచింది ఆయన పేరు. కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేని పేరు కాబట్టి, తనదేనని పోల్చుకోవడానికి ఆయనకి కాసేపు పట్టింది.

"మీ పేరంటే మీరు రారుగా" అంది భార్య, వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెడుతూ.

డాక్టరమ్మ వయసులో చిన్నది, అడగడంలో పెద్దది. మందులు వేసుకుంటున్నారా అంటే ఆయన ఆ అన్నాడు, భార్య లేదంది. డాక్టరమ్మ లేదనే రాసుకుంది. ఏం పని చేస్తారని అడిగింది.

"వేడినీళ్ళ దగ్గర" అని ఆయన నీరసంగా చెప్పాడు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాడు.

"వేడినీళ్ళ దగ్గర ఉండకూడదండీ. కాలినా మీకు తెలియదు."

"ఉండరు" అంది భార్య. "మా దగ్గర గోరువెచ్చన తప్ప ఇంకే నీళ్ళూ రావు. ఈయన నా దగ్గరే పని చేస్తారు. మానరు. మందులు నేను వేయిస్తాను."

డాక్టరమ్మ ఆవిడ మొహం చూసి, ఎదురు చెప్పకుండా, రెండు గాజు గొట్టాలు తీసింది. ఒకదాంట్లో వెచ్చటి నీళ్ళు, ఒకదాంట్లో చల్లటివి. కళ్ళు మూసుకోమంది. వేలికి తాకిస్తానని, ఏది ఏదో చెప్పమంది.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు, కుడి కన్ను కాస్త తక్కువగా. ఆ సందులోంచి గొట్టాలు చక్కగా కనిపిస్తున్నాయి. వెచ్చటి గొట్టం గాజుకి ఆవిరి పట్టి ఉంది.

ఆ సందు భార్యకి కూడా కనిపించింది. ఆవిడ లేచి, కుర్చీ వెనక్కి వచ్చి, రెండు అరచేతులతో ఆయన కళ్ళు మూసింది. అంతా చీకటైంది. బాబాయి ఒక్కసారి ఊపిరి వదిలి, చేతులు రెండూ బల్ల మీద పెట్టేసి, కదలకుండా కూర్చున్నాడు.

"చెప్పండి, ఇప్పుడు ఎలా ఉంది?" అంది డాక్టరమ్మ.

"వెచ్చగా ఉందమ్మా" అన్నాడు.

"నేనింకా ఏమీ పెట్టలేదండీ" అంది డాక్టరమ్మ.